మా అన్న నాయినను అడిగి వచ్చాడు

ఆ రోజు నా మాట కంటే నా ఊపిరే గట్టిగా వినిపించింది.

తార్నాకలో మా మిషన్ ఆఫీసు ఒక ఇంటి పై అంతస్తులో ఉంటుంది. అందులో ఒక చిన్న గదికి నాలుగు గోడలకూ స్పాంజి పరుపులు కొట్టి రికార్డింగు గది చేశారు. అడవి గూడేల్లో చదువు రానివాళ్ళు ఫోనులో వినడానికి ప్రభువు కథలను కోయ భాషలో చెప్పడం నా పని. నేను కోయదాన్నే. పుట్టింది గోదావరి అవతల అడవిలో. హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో ప్రభువును నమ్ముకున్నాను. బాప్తిస్మంలో మార్త అని పేరు పెట్టారు. పెళ్ళికి ముందు నుంచీ ఇదే పని, నెలలో సగం రోజులు గూడేల్లో, సగం రోజులు తార్నాకలో. మా ఆయన రత్నం యూనివర్సిటీ హాస్టళ్ళలో ఎలక్ట్రీషియన్. క్యాంపస్ లోపలే స్టాఫ్ క్వార్టర్స్‌లో ఉంటాం. మాకు పిల్లలు లేరు.

ఆ రోజు కథ మధ్యలో ఒక వాక్యం పూర్తికాకుండానే ఊపిరి అందలేదు. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ అక్కడే ఆగిపోయింది. రికార్డింగు చేసే విజయ్‌గారు హెడ్‌ఫోన్లు తీసేసి, "అక్కా, మీ శ్వాసనే వినపడుతున్నది. మెట్లెక్కి వచ్చిండ్రు గదా, జర కూసోండి" అన్నారు. మెట్లెక్కి గంటయింది. ఆ మాట ఆయనతో చెప్పలేదు.

ఇంటికి వెళ్ళేటప్పుడు చెప్పులు పట్టలేదు. పాదాలు పొంగి ఉన్నాయి. అంతకుముందు కొన్ని వారాలుగా నోట్లో ఇనుము నాకినట్టు ఒక రుచి ఉండేది. పొద్దున పళ్ళు తోముకుంటే వాంతి వచ్చేది. వయసు అనుకున్నాను, బస్సు ప్రయాణాలు అనుకున్నాను. క్రితంసారి గూడేనికి పోయినప్పుడు ఒక పెద్దామె నా మొహం పట్టుకుని, "ఉబ్బినవు బిడ్డా, నీ మీద ఏదో కూసున్నది" అంది. ఇలాంటి మాటలు నేను రోజూ వినేవే, వాటికి ఇచ్చే జవాబు కూడా రోజూ ఇచ్చేదే. నవ్వి, ప్రార్థన చేసి వచ్చేశాను.

రత్నం నన్ను తార్నాకలో ఒక క్లినిక్‌కు తీసుకుపోయాడు. డాక్టరు బీపీ పట్టీ ఒక చేతికి కట్టి చూశారు, మళ్ళీ రెండో చేతికి కట్టి చూశారు.

"తలనొప్పి వస్తుంటుందా?"

"చాలా ఏళ్ళుగా వస్తుంది సార్."

"ఏం వాడతారు?"

"నొప్పి మాత్రలు. మోకాళ్ళకూ అవే. గూడేలకు పోయేటప్పుడు సంచిలో పెట్టుకుంటాను."

ఆయన రాయడం ఆపి నా వైపు చూశారు. రక్తపరీక్షలు, అల్ట్రాసౌండ్ రాసిచ్చి, రిపోర్టులు రాగానే ఆలస్యం చేయకుండా నెఫ్రాలజిస్ట్ దగ్గరికి వెళ్ళమన్నారు.

నెఫ్రాలజిస్ట్ మేడమ్ నెమ్మదిగా మాట్లాడే మనిషి. రిపోర్టు ముందు పెట్టుకుని చెప్పారు. "అమ్మా, మీ రెండు కిడ్నీలూ కుంచించుకుపోయాయి. బీపీ వల్ల కిడ్నీలు పోయాయా, కిడ్నీల వల్ల బీపీ వచ్చిందా, ఆ మాత్రలు ఎంత చెడగొట్టాయి అన్నది ఇప్పుడు తేల్చలేం. రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు వడకట్టాల్సిన మలినం, చాలా ఎక్కువ ఉంది. డయాలసిస్ మొదలుపెట్టాలి."

"ఎన్ని రోజులు మేడమ్?"

"రోజులు కాదమ్మా" అన్నారు ఆవిడ. రత్నం నా పక్కన కూర్చుని తన స్క్రూడ్రైవర్ పట్టుకునే చేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు.

మొదట మెడ దగ్గర క్యాథెటర్ పెట్టి డయాలసిస్ చేశారు. తర్వాత ఎడమ చేతికి ఫిస్టులా ఆపరేషన్ చేశారు. అంటే ఒక ధమనినీ ఒక సిరనూ కలిపి కుడతారు. అక్కడ వేలు పెడితే లోపల ఏదో గునగునమంటూ ఉంటుంది. వారానికి మూడుసార్లు మెట్టుగూడ వైపు ఉన్న సెంటర్‌కు పోయేదాన్ని. నాలుగు గంటలు డయాలసిస్ మెషిన్ పక్కన పడుకోవడం, ఆటోలో తిరిగి రావడం. వచ్చాక ఒళ్ళు పిండేసిన గుడ్డలా ఉండేది. మర్నాడు కొంచెం తేరుకునేసరికి ఆ మర్నాడు మళ్ళీ సెంటర్.

డయాలసిస్ చేయించుకునేవాళ్ళకు దాహం ఎలా ఉంటుందో మామూలువాళ్ళకు తెలియదు. ఒంట్లోంచి నీళ్ళు పోయే దారి మూసుకుపోయింది కాబట్టి, తాగిన ప్రతి గుక్కా లోపలే ఉండిపోతుంది. రోజంతటికీ కొలిచి ఇచ్చిన నీళ్ళే తాగాలి. ఎండాకాలం సాయంత్రాలు క్వార్టర్స్ గుమ్మంలో కూర్చునేదాన్ని. పరీక్షలకు చదివే పిల్లలు చెట్ల కింద పుస్తకాలు పెట్టుకుని చల్లటి నీళ్ళ సీసాలు గటగటా ఎత్తి తాగుతుంటే, వాళ్ళ గొంతులు కదలడం చూస్తూ ఉండేదాన్ని. చర్చి నుంచి పరామర్శకు వచ్చిన ప్రతి ఒక్కరూ కొబ్బరిబోండాలు తెచ్చేవాళ్ళు. కిడ్నీ రోగులకు అందులోని పొటాషియం ప్రమాదం. వాళ్ళకు చెప్పి చెప్పి విసిగి, చివరికి తీసుకుని, రత్నంతో హాస్టల్ వాచ్‌మన్‌కు పంపించేదాన్ని.

మా ఇన్‌చార్జి పాస్టరు ఇమ్మానుయేలుగారు మంచి మనిషి. రత్నానికి డ్యూటీ ఉన్న రోజుల్లో ఆయనే బండి మీద నన్ను సెంటర్‌కు దింపేవారు. ఉపవాస ప్రార్థనలు పెట్టించారు. సంఘంలో ఒకావిడ మాత్రం నా మంచం పక్కన కూర్చుని, "ఒప్పుకోని పాపమేదన్నా లోపల ఉందేమో చూసుకో మార్తా" అంది. గూడెంలో పెద్దామె ఏదో కూసున్నదంది, ఇక్కడ ఈమె ఏదో ఉండిపోయిందంటోంది. కళ్ళు మూసుకుని నిద్రపోతున్నట్టు పడుకున్నాను.

కొన్ని నెలలకు మేడమ్ ట్రాన్స్‌ప్లాంట్ మాట ఎత్తారు. చనిపోయినవాళ్ళ కిడ్నీ కోసం పేరు నమోదు చేయించారు. కానీ ఆ వరస పెద్దది. రత్నానికి షుగర్, కాబట్టి తను ఇవ్వడానికి పనికిరాడు.

"తోడబుట్టినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు మేడమ్.

"ఒక అన్న ఉన్నాడు మేడమ్."

"మాట్లాడి చూడండి."

నేను తలూపాను కానీ మాట్లాడే ఉద్దేశం లేదు. మా అన్న సమ్మయ్యతో నాకు మాటలు లేక చాలా ఏళ్ళయింది. మా నాయిన ఉన్నన్నాళ్ళూ మా ఇంటి వేల్పు పూజ ఆయన చేసేవాడు. ఆయన పోయాక అది అన్నకు వచ్చింది. మా వాళ్ళలో చనిపోయిన పెద్దలు ఎక్కడికీ పోరు. ఇంటి చుట్టూనే ఉంటారు, వాళ్ళకు పెట్టాలి, వాళ్ళను అడగాలి. నాయిన దినం నాడు అన్న నా చేతికి గుప్పెడు బియ్యం ఇచ్చి, నాయిన పేరు చెప్పి వేయమన్నాడు. నేను నమ్మినదాని ప్రకారం అది చేయలేను. చేయనన్నాను. "అట్లయితే ఈ ఇంట్ల నీకు నాయిన లేడు" అన్నాడు అన్న. తర్వాత ఆ చుట్టుపక్కల గూడేలన్నీ తిరిగాను గానీ మా గూడెం వైపు పోలేదు. అలాంటి మనిషిని ఇప్పుడు ఏ మొహంతో అడగను? అడగలేదు.

నేను గూడేలకు రావడం మానేసేసరికి అక్కడి ఆడవాళ్ళు ఆరా తీశారు. ఆ నోటా ఈ నోటా పడి సంగతి మా గూడెం చేరింది. ఒక మధ్యాహ్నం డయాలసిస్ నుంచి వచ్చి పడుకుని ఉంటే ఫోను మోగింది. తెలియని నంబరు.

"చెల్లే, నేను సమ్మయ్యను. తార్నాకల దిగిన. గీడ మెట్రోవి పెద్ద పెద్ద స్తంభాలున్నయ్. ఎటు రావాలె?"

ఫోను రత్నం వైపు చాచాను. రత్నం ఫోను తీసుకుని, "గాడనే నిలబడు బావా, నేనొస్తున్న" అని బండేసుకుని పోయాడు.

అన్న ముసలివాడై కనిపించాడు. గడ్డం నెరిసింది. భుజానికి గుడ్డసంచి. లోపలికి వచ్చి మంచం పక్కన కింద కూర్చున్నాడు. బాగున్నావా అనలేదు. నా ఎడమ చేతి కట్టు వైపు చూసి, "ఏందది?" అన్నాడు. చూపించాను. ఫిస్టులా మీద అరచేయి పెట్టాడు. చాలాసేపు తీయలేదు.

"లోపల మాట్లాడుతున్నది" అన్నాడు.

"రక్తం అన్నా. గట్టిగ పారుతది గదా, అందుకే."

"అందరు చెప్తున్నరు. ఒకరిది ఒకరికి పెడతరంట గదా."

"పెడతరు."

"నన్నెందుకు అడగలే?"

నేను గోడ వైపు తిరిగాను. ఏడవడానికి కూడా నీళ్ళు లెక్కగా ఉన్న రోజులవి.

మేము మాట్లాడుకునేది సగం కోయ, సగం తెలుగు. ఇక్కడ అందరికీ తెలిసేలా రాస్తున్నాను. మర్నాడే ఆయనను మేడమ్ దగ్గరికి తీసుకుపోయాం. బ్లడ్ గ్రూపు ఒకటే. క్రాస్ మ్యాచ్ బాగుంది. "మీ ప్రాంతంవాళ్ళలో సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు చూస్తుంటాం, కాబట్టి ఆ పరీక్ష తప్పనిసరిగా చేయిస్తాను" అన్నారు మేడమ్. అదీ లేదని తేలింది. పరీక్షల మధ్య ఖాళీ రోజుల్లో అన్న క్యాంపస్ అంతా తిరిగేవాడు. అంత పెద్ద చెట్లు కొట్టకుండా ఉంచినందుకు యూనివర్సిటీవాళ్ళంటే గౌరవం కలిగింది ఆయనకు.

పరీక్షలన్నీ అయ్యాక మేడమ్, "సమ్మయ్యగారూ, మీరు ఇవ్వడానికి వైద్యపరంగా ఇబ్బంది లేదు. మీరే ఆలోచించుకుని చెప్పాలి" అన్నారు.

"ఇస్త అమ్మా. గని నాయినను అడగాలె" అన్నాడు అన్న.

మేడమ్ అర్థంకాక నా వైపు చూశారు. "నాన్నగారు ఉన్నారా?"

"పోయారు మేడమ్" అన్నాను.

ఇంటికి వచ్చాక నేను అన్నతో, "నీ ఒళ్ళు నీది. నీకు ఇష్టమైతే ఇయ్యి, లేకపోతే లేదు. కోడిని కోసి అడుగుడెందుకు?" అన్నాను.

"నా ఒళ్ళు నాదెట్లయితది? నాయిన ఇచ్చింది గదా. ఇంట్లది ఏదన్న బయటికిస్తే అడగకుండ ఇస్తమా?"

అంతకుమించి వాదించే ఓపిక నాకు లేదు.

ఈ సంగతి పాస్టరుగారికి చెప్పకుండా ఉండలేకపోయాను. ఆయన బండి ఆపి, సెంటర్ మెట్ల మీద నా పక్కన కూర్చున్నారు. తర్వాత, "మార్తమ్మా, గూడేల్లో జబ్బు చేస్తే కోడిని కోయొద్దని చెప్పింది నువ్వే కదమ్మా. వాళ్ళు నీ మాట విని మానేశారు. రేపు ఇది తెలిస్తే వాళ్ళకేం చెబుతావు?" అన్నారు.

"నాకు తెలియడంలేదండీ. మీరు వద్దంటారా?"

"వద్దంటే నువ్వు బతకాలి కదా" అన్నారు. ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. "నేను వద్దనలేను. ప్రార్థన చేస్తాను. కానీ ఒక్కటి. రేపు దేవుడు బాగుచేశాక సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పేటప్పుడు ఈ సంగతి మాత్రం చెప్పకమ్మా."

ఆయన మీద గౌరవం తగ్గలేదు, అయినా ఇక్కడ చెబుతున్నాను. ఇది వదిలేస్తే నా జబ్బు కథలో సగం లేనట్టే.

అన్న ఊరికి పోయాడు. పోయినవాడి కబురు లేదు. మా గూడెంలో సిగ్నల్ ఉండదు. నేను డయాలసిస్ చేయించుకుంటూ ఎదురుచూశాను. ఆ రోజుల్లోనే ఒక ఆదివారం దాహం ఆపుకోలేక పుచ్చకాయ ముక్కలు తిన్నాను. ఒకటి తింటే ఆపలేకపోయాను. సాయంత్రానికి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి, పడుకుంటే ఊపిరాడలేదు. ఎమర్జెన్సీకి పోయాం. డ్యూటీ డాక్టరు, "ఏం తాగారు? నిజం చెప్పండి" అని గద్దించాడు. ఆక్సిజన్ మాస్కు కింద నుంచి పుచ్చకాయ అని చెబితే, రత్నం అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ రోజు మొదటిసారి, ఇక చాలు ప్రభువా అనిపించింది. నన్ను బాగుచేయమని అడగడం అప్పటికే మానేశాను. ఏదో ఒకటి తేల్చమని మాత్రం అడిగాను.

అన్న వచ్చాడు. ఈసారి వెంట మా వదిన కూడా ఉంది. నేను ఆత్రంగా అడగకుండా ఉండాలనుకున్నాను, అయినా అడిగేశాను. "నాయిన ఏమన్నడు?"

మా పద్ధతిలో కోడి ముందు గింజలు వేసి అడుగుతారు. కోడి గింజలు తింటే పెద్దలు ఒప్పుకున్నట్టు, అప్పుడే దాన్ని కోస్తారు. ముట్టకపోతే కాదన్నట్టు.

"మొదటి రోజు ముట్టలే" అన్నాడు అన్న. "తెల్లారి మళ్ళ అడిగిన. ముట్టలే. మూడో రోజు నాకు కోపమొచ్చింది. నాయినా, బతికున్నప్పుడు దాన్ని సదువుకు పంపింది నువ్వు. హాస్టల్‌కు భుజాల మీద మోసుకపోయింది నువ్వు. అది ఏ దేవుణ్ణి మొక్కితే నీకేంది? నీ బిడ్డ కాదంటవా? అన్నవంటే నేను గూడ నీ కొడుకును కాను, ఇగ నీకు పెట్టేది లేదు అని పొద్దుగూకేదాక కొట్లాడిన."

"తర్వాత?"

"తిన్నది."

రత్నం ఉండబట్టలేక, "పొద్దుగూకేదాక కూసోబెడితే దానికి ఆకలై ఉంటది బావా" అన్నాడు.

అన్న కోపగించుకుంటాడనుకున్నాను. పకపకా నవ్వాడు. "మా నాయిన గూడ గట్లనే. కడుపుల ఆకలైతెనే మాట వినేటోడు."

నేనూ నవ్వాను. నవ్వుతూ ఉంటే దగ్గొచ్చింది. నాయిన దినం నాడు ఈ ఇంట్లో నీకు నాయిన లేడన్న మనిషి, నాకోసం ఆ నాయినతోనే తెగతెంపులకు సిద్ధపడ్డాడు. నా నమ్మకం ప్రకారం ఆ కోడిలో నాయిన లేడు. కానీ నా కోసం ఎవరూ ఎప్పుడూ అంతసేపు కొట్లాడలేదు.

ఆపరేషన్‌కు ముందు ఆసుపత్రి కమిటీ మమ్మల్ని విడివిడిగా పిలిచి మాట్లాడింది. అన్న పేరు ఒక తీరుగా, నా పేరు ఒక తీరుగా ఉండడంతో, మీరిద్దరూ తోబుట్టువులని ఎలా నమ్మాలని అన్నను అడిగారట. "ఆమె పేరు మార్త ఇప్పుడైంది. మా ఇంట్ల జోగి. ఎడమ మోకాలి కింద మచ్చ ఉంటది. ఇప్పపూలకు పోయి రాయి మీద పడ్డది, నేనే ఆకు నూరి కట్టిన" అన్నాడట. ఎవరైనా బలవంతపెట్టారా అంటే, "చెల్లె అడగనే లేదు, గదే నా కోపం" అన్నాడట. రక్తపరీక్షలు అంతకుముందే మా సంబంధం తేల్చాయి కాబట్టి ఇబ్బంది రాలేదు.

భార్య కూడా ఒప్పుకోవాలని వదినను పిలిచారు. వదిన నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. మేడమ్‌తో మాత్రం మాట్లాడింది.

"ఈన బస్తా ఎత్తకపోతే మాకు ఎల్లదు. ఎత్తగలడా?"

"మూడు నెలలు బరువులు మోయకూడదు. తర్వాత మెల్లమెల్లగా పనులు చేసుకోవచ్చు" అన్నారు మేడమ్.

"ఒకటి తీసుకుంటరు, ఇంటికి పంపుతరు. తర్వాత ఈనను ఎవరు చూస్తరు?"

మేడమ్ కాగితాలు ఆమె ముందుకు జరిపారు. వదిన వేలిముద్ర వేసి, చేతిని చీర కొంగుకు తుడుచుకుని బయటికి పోయింది.

ఆపరేషన్ రోజు పొద్దున ఇద్దరినీ ఒకే గదిలో ఉంచారు. నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటుంటే అన్న పక్కమంచం మీంచి చూస్తున్నాడు.

"నువ్వు గూడ మీ దేవుణ్ణి అడిగినవా?"

"అడిగిన."

"ఏమన్నడు?"

"ఏమనలే అన్నా. ఏమనకపోతే ఒప్పుకున్నట్టే అనుకుంటున్న."

"మా నాయిననే నయం" అన్నాడు. అంతలో స్ట్రెచర్ వచ్చింది. ముందు ఆయనను తీసుకుపోయారు.

మెలకువ వచ్చాక మేడమ్ నా మొహం మీదికి వంగి, "కిడ్నీ పని మొదలుపెట్టిందమ్మా, యూరిన్ బాగా వస్తోంది" అన్నారు. మంచం పక్కన వేలాడుతున్న సంచి నిండుతోంది. అంత పసుపుపచ్చని, అంత అందమైన వస్తువు నేను చూడలేదు. రెండు రోజుల తర్వాత నర్సు గ్లాసు నిండా నీళ్ళు ఇచ్చి తాగమంది. మొత్తం తాగవచ్చా అని రెండుసార్లు అడిగాను.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. మూడు వారాలకు క్రియాటినిన్ మళ్ళీ పెరిగింది. బయాప్సీ చేశారు. "అక్యూట్ రిజెక్షన్. మీ శరీరం కొత్త కిడ్నీని పరాయిదనుకుని దాడి చేస్తోంది. స్టెరాయిడ్ పల్స్ ఇస్తాం, అంటే పెద్ద మోతాదు ఇంజెక్షన్లు. చాలామందికి తగ్గుతుంది" అన్నారు మేడమ్. చాలామందికి అంటే అందరికీ కాదని నాకు తెలుసు.

అన్న అప్పటికి మా క్వార్టర్స్‌లోనే కోలుకుంటున్నాడు. కొన్నాళ్ళకు నన్ను ఆసుపత్రి నుంచి ఇంటికి పంపాక, ఆయన నా ముందు కూర్చుని, "నాది నచ్చలేదా దానికి?" అన్నాడు.

"నచ్చుడు కాదన్నా. ఎవరిదో నా ఒంటికి తెలుస్తలేదు."

"మరి నువ్వు చెప్పు."

"ఎట్ల చెప్తా?"

అన్న ముందుకు జరిగాడు. "ఒక్కసారి నాయినను పిలువు. బియ్యం వద్దు, కోడి వద్దు. ఊకె, నాయినా, అన్న కిడ్నీ తీసుకున్న, సల్లంగ చూడు అను. గంతే."

అంతకంటే తేలికైన పని ఉండదు. నోరు తెరిచి రెండు మాటలు అంటే చాలు. ఒంట్లో శక్తి లేదు, మొహం స్టెరాయిడ్లతో గుండ్రంగా ఉబ్బింది, చేతులు వణుకుతున్నాయి. రత్నం కూడా, అనేస్తే పోయేదేముంది అన్నట్టు చూశాడు. కానీ నేను ప్రార్థించేది ఒక్కరినే. భయంతో ఇంకొకరిని పిలిస్తే, అది అన్నకు కూడా అబద్ధం చెప్పినట్టే.

"అనలేనన్నా" అన్నాను. "నువ్వు అనుకున్నదాన్ని నేను కాదంటలేను. గని నేను అనలేను."

అన్న లేచి పోయాడు. మధ్యాహ్నమంతా రాలేదు. రత్నం వెతకబోతే ఆర్ట్స్ కాలేజీ వైపు చెట్ల కింద ఒక్కడే పొట్ట మీద చేయి పెట్టుకుని కూర్చుని ఉన్నాడట. పొద్దువాలాక వచ్చి కంచం ముందు పెట్టుకున్నాడు. నా మొహం చూడకుండా, "నేనే చెప్పిన నాయినకు. నీ పేరు మీద" అన్నాడు. నేను ఆ రోజు అన్నం తినలేకపోయినా ఆయన పక్కనే కూర్చున్నాను.

రిజెక్షన్ తగ్గింది. స్టెరాయిడ్లు పనిచేశాయని మేడమ్ అన్నారు. పాస్టరుగారు సంఘం ప్రార్థన అన్నారు. అన్న ఏమీ అనలేదు. నేను ముగ్గురికీ దండం పెట్టాను.

ఇప్పుడు నా క్రియాటినిన్ నిలకడగా ఉంది. ఒళ్ళు కిడ్నీ మీద దాడి చేయకుండా టాక్రోలిమస్ మాత్ర రోజూ ఒకే వేళకు వేసుకోవాలి, జీవితాంతం. చేతి వణుకు పూర్తిగా పోలేదు. మాస్కు లేకుండా జనంలోకి పోను. ఇన్‌ఫెక్షన్ భయంతో గూడేలకు పంపడం మానేశారు. జబ్బు ఒక్కటే కారణమో, నేను సంఘంలో లేచి నిలబడి కోడి సంగతి కూడా చెప్పేయడం కారణమో నేను అడగలేదు. రికార్డింగు పని మాత్రం చేస్తున్నాను, కొంచెం చదివి కొంచెం ఆగుతూ. కొందరు విశ్వాసులు నన్ను చూస్తే ఇప్పటికీ పక్కకు తప్పుకుంటారు. గూడెం నుంచి ఒకామె ఫోన్ చేసి, "అక్కా, అయితే పిల్లలకు జరమొస్తే కోడిని కోసుకోవచ్చా?" అని అడిగింది. దీనికి ఒకప్పుడు తడుముకోకుండా జవాబు చెప్పేదాన్ని. ఇప్పుడు, "ముందు ఆశా వర్కర్‌ను పిలువమ్మా, దవాఖానకు తీస్కపో. ఆ తర్వాతది కూసొని మాట్లాడుకుందాం" అన్నాను. అలసట వల్ల వచ్చిన జవాబే కావచ్చు. పిల్లవాడు దవాఖానకు పోయాడు, బాగున్నాడు.

అన్న గూడెంలో వేల్పు పూజ చేసుకుంటున్నాడు. నేను ప్రభువు పని చేసుకుంటున్నాను. ఈ విషయంలో మేమిద్దరం ఒక అంగుళం కూడా కదల్లేదు. ఫోనులో మాత్రం మాట్లాడుకుంటాం. ఆయన సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి.

చదివేవాళ్ళలో కిడ్నీ తీసుకున్నవాళ్ళో, తీసుకోబోయేవాళ్ళో ఉంటారు. నేను చెప్పేది ఒక్కటే. తీసుకున్నవాళ్ళను అందరూ పరామర్శిస్తారు, పరీక్షలు చేయిస్తారు. ఇచ్చినవాళ్ళు కుట్లు మానగానే ఇంటికి పోతారు, వాళ్ళను అడిగే దిక్కుండదు. వాళ్ళకు మిగిలింది ఒకటే కిడ్నీ. ఏడాదికోసారి వాళ్ళకు బీపీ, క్రియాటినిన్, యూరిన్ పరీక్షలు మీరే దగ్గరుండి చేయించండి. డాక్టరును అడగకుండా నొప్పి మాత్రలు మింగనివ్వకండి.

అన్న రానంటాడు. నేను పోరుపెట్టి రప్పిస్తాను. మొన్న తార్నాకలో ల్యాబ్‌కు తీసుకుపోతే, కౌంటర్ దగ్గర అమ్మాయి మమ్మల్నిద్దరినీ చూసి, "పేషెంట్ ఎవరండీ?" అంది. అన్న టక్కున నా వైపు వేలు చూపించాడు.

"కాదమ్మా, ఈయనే" అన్నాను.

"నాకేం రోగమే?" అని విసుక్కుంటూనే అన్న చొక్కా చేయి పైకి మడిచాడు.